గుద్దుల మేస్త్రి జిల్లేడు తోట

గుద్దుల మేస్త్రికి నోటికంటే చెయ్యి ముందు లేచేది. ఆయన్ని ఆడిపోసుకోడానికి అంటున్న మాట కాదిది, ఆయనే చెప్పుకునేవాడు. ఏదో అడుగుదామని నోరు తెరిచేలోపు ఎదుటివాడి చెంప పేలిపోయేదట. ఆ తర్వాత అడిగి లాభం ఏముంది, వాడు వినే స్థితిలో ఉండడు కదా, అని పగలబడి నవ్వేవాడు. కోపం అందరికీ ముక్కు మీద ఉంటే ఈయనకి పిడికిట్లో ఉండేది. కుర్రతనంలో ఒక లారీ డ్రైవరు పళ్ళకి తగిలి కుడిచేతి చిటికెన వేలు విరిగింది. ఎలా విరిగిందో అలాగే అతుక్కుపోయింది కాబట్టి మళ్ళీ మడతపడలేదు. టీ గ్లాసు పట్టుకుంటే ఆ వేలొక్కటే పైకి లేచి, చూసేవాళ్ళకి పాపం ఎంత మర్యాదస్తుడో అనిపించేది.

చేసే పని కూడా కొట్టడమే. టింకరింగ్ పని. గుద్దుకున్న కార్లూ వ్యాన్లూ షెడ్డులోకి లాక్కొచ్చి పడేస్తే, సొట్టలు తీసి మళ్ళీ దాన్ని బండి అనిపించాలి. రేకు వెనక ఇనుపదిమ్మ ఆనించి ముందునుంచి సుత్తితో కొట్టాలి. వెనక దన్ను లేకుండా కొడితే రేకు చిరుగుతుంది. పనిలో చేరిన ప్రతివాడికీ ఆయన నెత్తిన మొట్టి మరీ నేర్పిన మొదటి పాఠం అది. రోజంతా ఆ మోతలో ఉండి ఉండి చెవులు సగం పోయాయి. కళ్ళు మాత్రం డేగ కళ్ళు. సొట్ట వంక ఒకసారి చూసి ఏ బండి దేన్ని ఎటునుంచి గుద్దిందో, డ్రైవరు నిద్రపోయాడో తాగాడో చెప్పేసేవాడు. సీట్ల మీద ఎండిన నెత్తురు గీకి కడిగే పని ఎవరూ ముట్టుకోకపోతే అదీ ఆయనే చేసేవాడు.

ఇంట్లో ఆడవాళ్ళ మీద చెయ్యెత్తేవాడు మనిషే కాదని ఆయన సిద్ధాంతం. భార్యని గానీ కూతుర్ని గానీ ఒక్కనాడూ ముట్టుకోలేదు. బాగానే ఉంది. కానీ వీధిలో ఎవడి మూతో పగలగొట్టి ఇంటికొస్తే ఆ పిడికిలి కడిగేది ఎవరు? భార్య దూదితో తుడుస్తుంటే చిన్నపిల్లైన కూతురు గిన్నె పట్టుకుని నిలబడేది. గిన్నెలో నీళ్ళు ఎర్రబడుతుంటే చూస్తూ ఉండేది. భార్య జబ్బుచేసి పోయాక దూది కూడా ఆ పిల్ల చేతికే వచ్చింది. ఈయన మాత్రం తన ఇల్లంత ప్రశాంతమైన ఇల్లు ఇంకోటి లేదనుకుంటూ ఉండేవాడు.

కూతురికి సంబంధం వచ్చినప్పుడు ఆయన ముచ్చటపడింది కూడా అందుకే. కుర్రాడు టైల్స్ షాపులో సేల్స్‌మేన్. నోట్లో వేలు పెట్టినా కొరకడు. "మావయ్యగారూ" అని తప్ప పిలవడు. గొంతు పెంచి ఎరగడు, గోళ్ళల్లో మట్టి ఉండదు. నాలాంటి మొరటోడికి పుట్టిన పిల్లకి ఇంత మెత్తని మొగుడు దొరికాడని మేస్త్రి షెడ్డంతా చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ మెత్తని మొగుడి ఇంటినుంచి ఒకరోజు కూతురు ఆటోలో వచ్చి దిగింది. కుడి మణికట్టుకి కట్టు. దవడ మీద పసుపుపచ్చని మరక. ఏమైందమ్మా అంటే బాత్‌రూంలో జారిపడ్డానంది. ఆస్పత్రిలో డాక్టరుకీ అదే చెప్పిందట, ఆయనా అదే రాసుకున్నాడట. మేస్త్రి నమ్మాడు. రెండు రోజులు నమ్మాడు. మూడోనాడు ఆ పిల్ల వరండాలో కుర్చీలో కునుకు తీస్తుంటే జడ పక్కకి జరిగి, మెడ మీద వేళ్ళ అచ్చులు కనబడ్డాయి. బొటనవేలు ఇటు, మిగతావి అటు. అప్పుడు మణికట్టు గురించి మళ్ళీ ఆలోచించాడు. నేలకి తగిలిన రేకు వేరు, మెలిపెట్టిన రేకు వేరు. ఆ తేడా చూడటానికేగా బతుకంతా పోయింది. సొంత కూతురి ఒంటి మీద సొట్ట మాత్రం రెండు రోజులు కనబడలేదు.

సుత్తి ముట్టుకోలేదు. ఉత్త చేతులతోనే టైల్స్ షాపుకి వెళ్ళాడు. అల్లుడు ఎవరో దంపతులకి వంటింటి టైల్స్ చూపిస్తూ, ఇది మరక పట్టదండీ, తడిగుడ్డతో తుడిస్తే చాలు, అంటున్నాడు. మొదటి దెబ్బకి ముందు పళ్ళు రెండు ఆ తెల్ల టైల్స్ మీదే రాలాయి. రెండో దెబ్బకి మనిషి నిలబెట్టిన పలకల మీద పడి, అవన్నీ వరసగా కూలి పగిలాయి. మేస్త్రి వాడి గుండెల మీద మోకాలు వేసి కూర్చుని కొడుతూనే ఉన్నాడు. పక్కటెముక విరిగిన చప్పుడు, సగం చెవుడున్న ఆయనకే వినబడింది. షాపు వాళ్ళంతా కలిసి లాగితే గానీ ఊడి రాలేదు. మరక పట్టదన్న మాట నిజమే, తర్వాత తడిగుడ్డతో తుడిచేశారు.

ఇన్‌స్పెక్టరు తెలిసినవాడే. ఆయన కారు డోరు కూడా ఒకప్పుడు మేస్త్రే సరిచేశాడు. ఆ మొహమాటంతో లోపల వెయ్యకుండా బైండోవర్ చేసి వదిలాడు. మళ్ళీ ఎవడి మీదైనా చెయ్యి పడిందని తెలిస్తే కేసూ గీసూ లేదు, నేరుగా జైలేనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. అది చాలదన్నట్టు షెడ్డు యజమాని వచ్చి కూర్చున్నాడు. వీళ్ళుండే ఇల్లు షెడ్డు వెనక ఆయనదే, పనితో పాటు ఇచ్చింది. నువ్వు లోపలికెళ్తే ఆ ఇంట్లో ఇంకో మేస్త్రిని పెట్టుకోవాల్సి ఉంటుంది, ఏమనుకోకు, అన్నాడు. అనుకోడానికేముంది. ఆయన చెయ్యి లేస్తే కూతురికి నిలువ నీడ పోతుంది, నీడ పోతే ఆ పిల్ల వెళ్ళాల్సింది వాడి ఇంటికే. ఇంతకాలం ఊరందరి మీదా లేచిన చెయ్యి ఇప్పుడు ఇంటికి దూలమై కూర్చుంది, కదిపితే కప్పు కూలుతుంది.

వాణ్ణి కొట్టిన రోజు, చావగొట్టొచ్చానమ్మా అని ఇంటికొచ్చి చెప్పినప్పుడు కూతురు సంతోషిస్తుందనుకున్నాడు. ఆ పిల్ల గిన్నెలో నీళ్ళు పట్టి, ఎడం చేత్తోనే ఆయన పిడికిలి కడుగుతూ అంది: "ఆయన నన్ను మొదటిసారి కొట్టినప్పుడు నాకు ఆశ్చర్యం కూడా వెయ్యలేదు నాన్నా. మగాళ్ళ చేతులు ఇలాగే ఉంటాయనుకున్నాను. నీవి చూసేగా పెరిగాను."

లారీ డ్రైవర్లు కొట్టారు, తాగుబోతులు కొట్టారు, ఒకసారి పోలీసులూ కొట్టారు. ఏ దెబ్బకీ మేస్త్రి తల దించలేదు. ఈ మాటకి దించాడు. గిన్నె ఆయనే తీసుకెళ్ళి పారబోశాడు.

ఆ తర్వాత కూతురు మాట్లాడటం మానేసింది. పెరట్లో పాత బానెట్లు, పగిలిన అద్దాలు, తుప్పు పట్టిన తలుపులు గుట్టలుగా పడి ఉండేవి. వాటి మధ్య తిరగేసిన సీటు మీద కూర్చుని గోడ చూస్తూ ఉండేది. పక్కనే ఇంజను పీకేసిన వ్యాను ఒకటుండేది. దాని కడుపులోంచి జిల్లేడు మొక్క ఏపుగా లేచింది. కూతురి కళ్ళ ముందు ఈ పాడు మొక్క ఎందుకని మేస్త్రి కత్తి పట్టుకుని నాలుగు కొమ్మలు నరికాడు. ఐదోదాని మీద వేటు వెయ్యబోతే, ఎన్నాళ్ళకో ఆ పిల్ల నోరు విప్పింది.

"ఆగు నాన్నా. పురుగులున్నాయి."

నిజమే. నలుపూ తెలుపూ పసుపూ చారలతో, నెత్తిన నల్ల కొమ్ములతో, వేలెడేసి గొంగళిపురుగులు ఆకుల్ని కసాబిసా నములుతున్నాయి. అవి నారింజ రంగు సీతాకోకచిలుకల పిల్లలు, జిల్లేడు తప్ప ఇంకోటి ముట్టవు, ఇవాళ నరికితే ఆకలికి చస్తాయని కూతురు చెప్పింది. ఇంత పెద్ద వాక్యం విని మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది. పురుగుల్ని పెంచుకుంటావా తల్లీ అని అడిగాడు. మొసళ్ళు పెంచుతానన్నా ఆ పూట సరేననేవాడే. ఆ సంబరంలో, నరికిన కొమ్మల పాలు కారిన చేత్తో చెమట తుడుచుకున్నాడు.

మొదట మంట కూడా పెద్దగా లేదు, అదే దాని మోసం. కాసేపటికి ఎడమ కన్ను పొగబారింది. రంగు స్ప్రే కొట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టు కూతురి మొహం ఒక మచ్చ అయిపోయింది. ఏంటమ్మా ఇదీ అంటే, జిల్లేడు పాలు నాన్నా, నలపకు, అని ఆ పిల్ల ఎడం చేత్తో ఆయన జుట్టు పట్టి కుళాయి కింద వంచి, ఆయన బూతులు తిడుతున్నా వదలకుండా నీళ్ళు కొట్టింది. చాలాసేపు కొట్టింది. తర్వాత కంటి డాక్టరు లైటు వేసి చూసి, ఎవరు కడిగారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టుకో, కడగకుండా వచ్చుంటే ఈ కన్ను మళ్ళీ వెలుగు చూసేది కాదన్నాడు. అయినా వారం దాకా మసగ్గానే ఉంది.

ఆ రోజునుంచి పెరట్లోకి ఎవరు అడుగుపెట్టినా మేస్త్రి అరిచే మొదటి అరుపు ఒకటే: చేతులు కళ్ళకి పెట్టుకోకండి. కుళాయి పక్కన సబ్బు వలలో కట్టి వేలాడదీశాడు. సీతాకోకచిలుకలు చూస్తామని వచ్చే వీధి పిల్లలకి వెళ్ళేటప్పుడు చేతులు కడిగితే గానీ గేటు తెరిచేవాడు కాదు. ఎదురింటి టీచరమ్మ ఏమీ ముట్టుకోకుండా దూరంనుంచి చూసి వెళ్తున్నా సరే, అమ్మగారూ సబ్బు, అని వెంటబడేవాడు.

తోట అలా మొదలైంది. బానెట్లు తిరగేసి మట్టి నింపి బంతీ జినియా వేశారు, పెద్ద సీతాకోకచిలుకలు తేనె తాగడానికి. జిల్లేడు పాత టైర్లలో వరసగా నాటారు, గుడ్లు పెట్టడానికి. చక్రం మూత వెల్లకిలా పెట్టి అందులో తడి ఇసుక, చిటికెడు ఉప్పు వేస్తే అవి వాలి పీల్చుకునేవి. గాలి కొట్టకుండా లారీ ముందద్దం ఒకటి నిలబెట్టాడు. కిటికీ చట్రాలు అతికి దోమతెర బిగించి గూళ్ళు చేశాడు. గొంగళిపురుగులు అందులో బలిసి, కప్పుకి తలకిందులుగా వేలాడి, చర్మం వదిలేసి లేతాకుపచ్చ బొట్టుబిళ్ళల్లా మారేవి. వాటిని చూస్తూ ఇంతలావు మనిషి ఊపిరి బిగబట్టి నిలబడేవాడు.

సీతాకోకచిలుకల పెంపకమంటే పూలూ రంగులూ అనుకునేవాళ్ళు ఒక వారం వచ్చి ఆ పెరట్లో కూర్చోవాలి. అంత నెత్తుటి కూడు టింకరింగ్ షెడ్డులో కూడా ఉండదు. కందిరీగ వచ్చి గొంగళిపురుగుని బతికుండగానే ముక్కలు చేసి ఉండకట్టి ఎత్తుకుపోతుంది. చీమలు గుడ్లు మోసుకుపోతాయి. బల్లి సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి ఆకు తక్కువై ఒకే గూట్లో ఎక్కువ పురుగుల్ని వేస్తే, పెద్దవి చిన్నవాటిని కొరుక్కు తినేశాయి. తోడబుట్టినవాళ్ళని తింటార్రా వెధవల్లారా అని మేస్త్రి గూడు ముందు నిలబడి తిట్టాడు. మనుషుల్ని కొట్టడానికి వీల్లేని చెయ్యి కదా, దోమల బ్యాటు పట్టుకుని కందిరీగల మీద పడ్డాడు. ఠప్పుమని ఒకటి కాలితే ఆయన మొహం వెలిగిపోయేది.

అన్నిటికంటే పాపిష్టిది ఒక ఈగ. అది గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెట్టి పోతుంది. పైకి ఏమీ తెలియదు, పురుగు తింటుంది, బలుస్తుంది, నిగనిగలాడుతుంది. వేలాడే వేళకి లోపలినుంచి తెల్ల పురుగులు దాన్ని తొలుచుకుని దారం పట్టుకుని జారతాయి. మొదటిసారి చూసినప్పుడు కూతురు కక్కుకుంది. తర్వాత తర్వాత ఆ పిల్లకి గుర్తుపట్టడం వచ్చింది. మచ్చబడినదాన్ని ఏరి, రాయి మీద పెట్టి, ఇంకో రాయితో ఒక్క దెబ్బ. పాపం కదమ్మా అన్నాడు మేస్త్రి, తనకి ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియక. ఇది ఎలాగూ బతకదు నాన్నా, దీన్ని చూసి జాలిపడితే పక్కవాటిని చంపినట్టు, అంది ఆ పిల్ల. కట్టు విప్పేశారు అప్పటికి. సన్నబడిపోయిన మణికట్టు, దానికి మెల్లమెల్లగా బలం తిరిగొస్తోంది.

ఇక అల్లుడు. పళ్ళు కట్టించుకున్నాడు, ఎముక అతికింది. ఫోన్లు మొదలుపెట్టాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు, ఊరందరి చేతా చెప్పించాడు. కూతురు రానంది. మళ్ళీ చెప్పించాడు, మళ్ళీ రానంది. అప్పుడు వాడికి తట్టింది, తాళం చెవి కూతురి దగ్గర లేదు, తండ్రి చేతిలో ఉందని. మేస్త్రి ఒక్క దెబ్బ కొడితే చాలు. మిగతా పని ఇన్‌స్పెక్టరూ షెడ్డు యజమానీ చూసుకుంటారు.

షెడ్డుకి సెలవు రోజు చూసుకుని, ఎండ నడినెత్తిన ఉండగా వచ్చాడు. వెంట షాపులో పనిచేసే స్నేహితుడు. వాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి, ఫోన్లో వీడియో తియ్యమన్నాడు. లోపలికొచ్చి, నమస్కారం మావయ్యగారూ, అని నవ్వి, మొదటి గూడు కాలితో తన్నాడు. చట్రం విరిగింది. కప్పుకి వేలాడుతున్నవి రాలి నేల మీద పడ్డాయి. వాటి మీద బూటు పెట్టి, సిగరెట్టు నలిపినట్టు నలిపాడు. పచ్చటి నీరు చిమ్మింది.

మేస్త్రి లేచాడు. గేటు దగ్గర ఫోను కనబడింది. అర్థమైంది. వెంటనే తిరగేసిన సీటు మీద కూలబడి, రెండు చేతులూ తొడల కింద పెట్టి, వాటి మీద కూర్చున్నాడు. ఇంత బరువూ వేసి కూర్చున్నా ఆ చేతులు కింద ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మాయ్, నువ్వు లోపలే ఉండు, అని మాత్రం కేకేశాడు. కూతురు మెట్ల మీద గుమ్మం పట్టుకుని నిలబడింది.

అల్లుడు గూళ్ళన్నీ తన్నాడు. అప్పుడే పుట్టి రెక్కలు ఆరబెట్టుకుంటున్నవాటిని అరచేత్తో గోడకి కొట్టాడు. లారీ అద్దం మీద ఇటుక విసిరాడు. ఏం మావయ్యగారూ, ముసలితనం వచ్చిందా, చేతులకి గాజులు తొడిగారా, అని ప్రతిదానికీ అడుగుతున్నాడు. మేస్త్రి కదలకపోయేసరికి దగ్గరికొచ్చి చెంప మీద కొట్టాడు. రెండో చెంప మీదా కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. పోలీసుల్ని వదిలేస్తే, పుట్టిన తర్వాత మేస్త్రిని కొట్టి నిలబడినవాడు వీడొక్కడే. ఆయన కళ్ళు మూసుకుని, కూతురి మెడ మీద వేళ్ళ అచ్చులు తలుచుకుని, ఆ ఇంటి పైకప్పు తలుచుకుని, చేతుల మీద ఇంకా గట్టిగా కూర్చున్నాడు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందంటారు. అల్లుడికి ఊపొచ్చింది. ఈ కంపకోసమేనా నా కొంప వదిలేసింది అంటూ జిల్లేళ్ళ మీద పడ్డాడు. ఒక్కో మొక్కని రెండు చేతులా పట్టి విరిచి, మెలితిప్పి, పీకి పారేశాడు. విరిచిన ప్రతిచోటా పాలు చిమ్మాయి. మోచేతుల దాకా తెల్లగా కారుతున్నాయి. ఎండకి చెమట కళ్ళల్లోకి దిగుతోంది. వాడు ఆ చేతుల్తోనే మొహం తుడుచుకున్నాడు, వేళ్ళతో రెండు కళ్ళూ నలుపుకున్నాడు.

చేతులు కళ్ళకి పెట్టుకోకు. వీధిలో ప్రతి పిల్లకీ పిల్లాడికీ చెప్పిన మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేశాడు. ఒళ్ళంతా చల్లబడినట్టయింది. దేవుడున్నాడనిపించింది. నా చెయ్యి కింద ఉంది, నా నోరు మూసి ఉంది, ఏ కాగితం మీద సంతకానికీ ఇందులో తప్పులేదు, తుడుచుకోరా బాబూ, ఇంకా తుడుచుకో, అనుకున్నాడు. కూతురి వంక చూశాడు. ఆ పిల్ల కూడా చూసింది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోరు మెదపలేదు. తండ్రీ కూతుళ్ళు ఒక మనిషి గుడ్డివాడవుతుంటే అలా చూస్తూ ఉండిపోయారు, ఉన్న మాట చెప్పుకోవాలి.

వాడు ఇంకో మొక్క పీకి, ఆగాడు. తల విదిలించాడు. మళ్ళీ నలుపుకున్నాడు. పొగేంట్రా ఇక్కడ, అని స్నేహితుణ్ణి అడిగాడు. పొగ లేదు. రేయ్, కనబడట్లేదురా, అని గొంతు మారింది.

కూతురు మెట్లు దిగింది. పరిగెత్తలేదు. వెనకనుంచి వాడి జుట్టు పట్టుకుని, మోకాలి వెనక తన్నింది. వాడు బోర్లా పడితే ఈడ్చుకుంటూ కుళాయి దగ్గరికి తెచ్చింది. వాడు గింజుకుని మోచేత్తో ఆ పిల్ల కడుపులో పొడిచాడు. ఆ పిల్ల వాడి తల కుళాయికేసి కొట్టింది. ముక్కు పగిలి నెత్తురు బొటబొటా కారింది. కుడి చెయ్యి వీపు వెనక్కి విరిచి, మణికట్టు మెలిపెట్టి, వీపు మీద మోకాలు వేసి తొక్కిపట్టింది. కందిరీగలు, బల్లులు, పురుగులు పట్టినవాటి మీద రాళ్ళు, ఇన్నాళ్ళ ఆ పనంతా ఆ చేతిలోకొచ్చింది. మేస్త్రి తొడల కిందినుంచి ఒక చెయ్యి మాత్రం తీశాడు. వాడి ఒంటికి తగలకుండా చాచి, సీటు పక్కనే ఉన్న కుళాయి పూర్తిగా తిప్పాడు. ఆయన చేసింది అంతే.

"కళ్ళు తెరువు," అంది కూతురు. "తెరిస్తే చూపు దక్కుతుంది. మూసుకుంటే జన్మంతా చీకటే. నీ ఇష్టం."

వాడు చంపేస్తోందిరా అని అరుస్తూ, నీళ్ళు మింగుతూ, దగ్గుతూ, చివరికి తెరిచాడు. రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని కొట్టింది నీళ్ళు. నలపబోయిన ప్రతిసారీ చేతి మీద ఒకటిచ్చింది. వాడి బలం అయిపోయింది, ఏడుపు మొదలైంది, ఏడుపూ అయిపోయింది. ఆ పిల్ల వదల్లేదు. గేటు దగ్గర స్నేహితుడు మాత్రం ఎప్పుడో వీడియో ఆపేసి పోలీసులకి ఫోను చేశాడు, మేస్త్రి మళ్ళీ కొట్టేస్తున్నాడని.

స్నేహితుడితో పాటు వాణ్ణి ఒక ఆటోలో ముందు పంపి, తండ్రీ కూతుళ్ళు వెనక ఇంకో ఆటోలో వెళ్ళారు. మేస్త్రి ఉండబట్టలేక, ఎందుకమ్మా కాపాడావు, అని అడిగాడు.

"గుడ్డివాడైతే చచ్చేదాకా చెయ్యి పట్టుకుని నడిపించమని నాకే అప్పజెప్పేవాళ్ళు నాన్నా," అంది. కాదులే, చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు, అని కూడా అంది. మేస్త్రి సిగ్గుపడ్డాడు. తన వల్ల అయింది కాబట్టి.

ఆస్పత్రి వరండాలో ఇన్‌స్పెక్టరు ముందే నిలబడి ఉన్నాడు. బెంచీ మీద అల్లుడు, రెండు కళ్ళకీ గంతలు, ముక్కులో దూది. పక్కన డాక్టరు. వచ్చేపోయే రోగులు, నర్సులు, తుడిచే ఆవిడ, అందరూ ఆగి చూస్తున్నారు. చూపు నిలుస్తుంది, ఆ కడగడమే లేకపోతే చెప్పలేకపోయేవాణ్ణి, అని డాక్టరు చెబుతున్నాడు. మరి ముక్కు? నుదుటి మీద దెబ్బ? ఈ చెయ్యి వాపు? అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

మేస్త్రి ముందుకొచ్చి, నేనే కొట్టానండీ, తీసుకుపదండి, అన్నాడు. అనేశాక కప్పు కూలిన చప్పుడు ఆయన చెవులకే వినబడింది. ఇన్‌స్పెక్టరు ఆయన రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాడు. వెనకంతా సీటు రేకు అచ్చు పడి కందిపోయింది గానీ పిడికిళ్ళు ఎక్కడా గీరుకోలేదు. ఈ చేతులు ఇన్‌స్పెక్టరుకి ఎన్నో ఏళ్ళుగా తెలుసు.

"మా నాన్న అబద్ధం చెబుతున్నాడు. కొట్టింది నేను," అంది కూతురు, వరండా అంతటికీ వినబడేలా.

ఎవరో కిసుక్కున నవ్వారు. స్నేహితుడు ఫోను తీసి, వీడియో మొదట్లో కొంచెం ఉంది సార్, అని గొణిగాడు. అందులో ఉన్నది తను కొట్టడమేనని గుర్తొచ్చి, అల్లుడు తడుముకుంటూ చెయ్యి చాచి వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఇన్‌స్పెక్టరు వంగి, చెప్పవయ్యా, మీ ఆవిడేనా నిన్నిలా కొట్టింది, కేసు రాసుకోమంటావా, అని అడిగాడు. పెద్దగానే అడిగాడు.

కనబడకపోయినా ఎంతమంది చూస్తున్నారో అల్లుడికి తెలుస్తోంది. నేల వైపు తల దించి, ఆ మెత్తని గొంతుతోనే చెప్పాడు.

"ఎవరూ కొట్టలేదండీ. బాత్‌రూంలో జారిపడ్డాను."

డాక్టరు పెన్ను పట్టుకుని ఆగాడు. తను మణికట్టుకి కట్టు కట్టిన రోజు ఇదే బెంచీ మీద కూర్చున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది, గుర్తుపట్టాడు.

"రాసుకోండి డాక్టరుగారూ," అంది కూతురు. "అప్పుడు నేను చెబితే రాసుకున్నారుగా."

ఆయన రాసుకున్నాడు. మేస్త్రి కూతురి వెనక నిలబడి, ఆ పిల్ల మణికట్టు వాచిందేమోనని చూస్తున్నాడు. ఇంటికెళ్ళే దారిలో ఎక్కడైనా జిల్లేడు కొమ్మలు దొరికితే కోసుకుపోదాం నాన్నా, బతికున్న పురుగులకి ఆకు లేదు, అని ఆ పిల్ల అంది. సరే తల్లీ, కోశాక చేతులు మాత్రం కళ్ళకి పెట్టుకోకు, అన్నాడు మేస్త్రి.